ఎయిర్‌పోర్టు మెట్రో ఎవరి కోసం? శంషాబాద్ రైలు చర్చను విడదీసి చూస్తే

2008 మార్చి 23న హైదరాబాద్‌లో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలిపోయాయి. ఊరి నడిబొడ్డున ఉన్న విమానాశ్రయం ఒక్క రోజులో ఊరి బయటికి వెళ్ళింది. 2009లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆర్టీసీ నడిపే ఎయిర్‌పోర్టు బస్సులు, పుష్పక్‌లు, వచ్చాయి. 2017లో మెట్రో కూడా వచ్చింది కానీ అది శంషాబాద్ వైపు వెళ్ళలేదు.

ఆ లోటు తీర్చడానికి ఇప్పటికి రెండు వేర్వేరు ప్రభుత్వాలు రెండు వేర్వేరు దారులు గీశాయి. 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ మెట్రోకి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ దారిని ఆపించి, తూర్పు వైపు నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి వెళ్ళే దారిని ముందుకు తెచ్చారు. అప్పటి నుంచి వాదన సాగుతూనే ఉంది. ఐటీ ఉద్యోగులకు అన్యాయం జరిగిందని ఒకరంటే, పాతబస్తీకి ఇన్నాళ్ళకు న్యాయం జరిగిందని ఇంకొకరు. అసలు ఎయిర్‌పోర్టుకి రైలే దండగ, ఆ డబ్బుతో బస్సులు కొనొచ్చు కదా అని మరొకరు. ఈ ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి మాటలో ఎంత ఉందో తెలియాలంటే కింది నుంచి మొదలుపెట్టాలి.

ముందు మాటల అర్థం తేల్చుకుందాం

‘ఎయిర్‌పోర్టు రైలు’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులు దాక్కుని ఉన్నాయి.

మొదటిది ఎక్స్‌ప్రెస్. విమాన ప్రయాణికుల కోసమే నడుస్తుంది. మధ్యలో స్టేషన్లు ఉండవు, ఉన్నా రెండో మూడో. వేగం ఎక్కువ, టికెట్టూ ఎక్కువే. రెండోది మామూలు మెట్రోనే విమానాశ్రయం దాకా పొడిగించడం. కిలోమీటరుకో, ఒకటిన్నర కిలోమీటరుకో ఒక స్టేషను ఉంటుంది. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, ఆఫీసు ఉద్యోగులు అందరూ అదే రైలెక్కుతారు, సూట్‌కేసుతో ఉన్నవాళ్ళు వాళ్ళలో కొందరు. మూడోది లోకల్ రైలు. మన ఎంఎంటీఎస్ లాగా ఇప్పటికే ఉన్న రైల్వే పట్టాల మీదే నడుస్తుంది. ఖర్చు తక్కువ, కానీ దూరప్రాంత రైళ్ళతో పట్టాలు పంచుకోవాలి కాబట్టి ఎక్కువ రైళ్ళు నడపడం కష్టం.

ఇంకో రెండు మాటలు తెలిస్తే చాలు. ‘అలైన్‌మెంట్’ అంటే రైలు ఏ వీధుల మీదుగా, ఏ ఊళ్ళ మీదుగా వెళ్తుందన్న గీత. ‘హెడ్‌వే’ అంటే ఒక రైలు వెళ్ళాక రెండోది వచ్చేలోపు ఉండే విరామం. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు. నిజానికి ప్రయాణ సమయంలో సగం గుట్టు అక్కడే ఉంది. ఒక రైలు 25 నిమిషాల్లో చేరుస్తుంది కానీ అరగంటకొకటి వస్తుందనుకుందాం. ఇంకోటి 35 నిమిషాలు తీసుకుంటుంది కానీ ఐదు నిమిషాలకొకటి ఉంది. టైం చూసుకోకుండా స్టేషనుకి వెళ్ళినవాళ్ళు మొదటిదాని కోసం సగటున 15 నిమిషాలు ఎదురుచూస్తారు, మొత్తం 40 నిమిషాలు. రెండోదానికి ఎదురుచూపు రెండున్నర నిమిషాలే, మొత్తం ముప్పై ఏడున్నర. ప్రకటనలో ‘25 నిమిషాలు’ అని రాసుకునే రైలు చేతి గడియారం మీద ఓడిపోతుంది.

విమానాశ్రయానికి వెళ్ళేది విమానం ఎక్కేవాళ్ళు మాత్రమే కాదు

ఎయిర్‌పోర్టు అనగానే మన కళ్ళ ముందు కనిపించేది టికెట్టు పట్టుకున్న ప్రయాణికుడు. కానీ అతను ఏడాదికి రెండుసార్లో నాలుగుసార్లో వెళ్తాడు. రోజూ వెళ్ళేవాళ్ళు వేరే ఉన్నారు. సామాను ఎక్కించేవాళ్ళు, క్యాంటీన్ వంటవాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు, సెక్యూరిటీ వాళ్ళు, కార్గో షెడ్లలో పనిచేసేవాళ్ళు, విమానాల మరమ్మతు చేసే మెకానిక్‌లు. వేల మంది, షిఫ్టుల వారీగా వస్తారు. ప్రయాణికుడు నెలకోసారి ఎక్కినా అది 24 ట్రిప్పులే. ఉద్యోగి ఏడాదికి 280 రోజులు వస్తే 560 ట్రిప్పులు. రైలు లెక్కలో ఒక ఉద్యోగి, నెలనెలా విమానమెక్కే ప్రయాణికులు ఇరవై ముగ్గురికి సమానం.

ప్రయాణికుల్లో కూడా అందరూ ఒకటి కాదు. గచ్చిబౌలి నుంచి ఒక్క లాప్‌టాప్ బ్యాగుతో బెంగళూరు మీటింగుకి వెళ్ళే అమ్మాయిని తీసుకోండి. మెట్రో టికెట్టు 100, క్యాబ్ 900 అనుకుందాం. ఒక్కతే కాబట్టి మెట్రో వల్ల 800 మిగులుతుంది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి దుబాయ్ వెళ్తున్న నలుగురి కుటుంబం. మెట్రోకి 400, స్టేషను దాకా ఆటోలకి 150, మొత్తం 550. క్యాబ్‌కి అదే 900. మిగిలేది 350. దానికోసం పెద్ద పెట్టెలు నాలుగు, చిన్నపిల్లాడు, మెట్లు, లిఫ్టు క్యూ. ఈ కుటుంబం మెట్రో ఎక్కదు. ఎక్కకపోవడం తప్పూ కాదు.

మన దగ్గర ఇంకో వర్గం ఉంది, లెక్కల్లో ఎక్కడా కనబడదు. సాగనంపడానికి వచ్చేవాళ్ళు. మా మేనకోడలు చదువుకోసం అమెరికా వెళ్ళిన రాత్రి మేము రెండు కార్లలో తొమ్మిది మందిమి వెళ్ళాం. ఎక్కింది ఒక్కతే. ఆ ఎనిమిది మందిలో ఏ ఒక్కరినీ ఇంట్లో ఉండమని చెప్పలేం. శంషాబాద్ డిపార్చర్ గేటు ముందు ఏ రాత్రి చూసినా అదే దృశ్యం. విదేశీ సలహాదారులు గీసే అంచనాల్లో ఈ రద్దీకి చోటుంటుందా అని నాకెప్పుడూ సందేహమే.

కాగితం మీద ఒక లెక్క

2023–24లో శంషాబాద్ విమానాశ్రయం వాడినవాళ్ళు, దిగినవాళ్ళు ఎక్కినవాళ్ళు కలిపి, సుమారు రెండున్నర కోట్ల మంది. రోజుకు 68 వేల పైచిలుకు. వీళ్ళలో ఐదింట ఒక వంతు మంది రైలెక్కుతారనుకుందాం. అది చిన్న ఆశ కాదు. రోజుకు సుమారు 14 వేల మంది. ఒక్కొక్కరి దగ్గర 100 రూపాయలు తీసుకుంటే రోజుకు 14 లక్షలు, ఏడాదికి 51 కోట్లు.

రాయదుర్గం దారికి అప్పట్లో వేసిన అంచనా 6,250 కోట్లు. ఆ డబ్బుకి 8 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 500 కోట్లు. అంటే ఒక ఏడాది వడ్డీ కట్టడానికి దాదాపు పదేళ్ళ టికెట్టు డబ్బు కావాలి. కరెంటు, జీతాలు, మరమ్మతులు ఇంకా లెక్కలోకి రాలేదు.

ఈ అంకెల్లో 20 శాతం, 100 రూపాయలు, 8 శాతం నేను ఉదాహరణ కోసం అనుకున్నవి. వాటిని రెట్టింపు చేసి చూడండి, ముగింపు మారదు. ఈ లెక్కన విమాన ప్రయాణికుల టికెట్టు డబ్బుతోనే ఈ రైలు తన అప్పు తీర్చుకోలేదు. పోల్చి చూసుకోవడానికి, హైదరాబాద్‌లో ఇప్పుడున్న 69 కిలోమీటర్ల మెట్రోలో రోజుకు నాలుగున్నర, ఐదు లక్షల మధ్య ప్రయాణాలు జరుగుతున్నాయి. 14 వేలు అందులో ఒక మూలకి రాదు.

మరి ఎందుకు కట్టాలి? రైలు సమర్థకుల జవాబు ఇది: రోడ్డు వేసినప్పుడు టోలుతోనే ఖర్చు రాబట్టాలని ఎవరూ అడగరు కదా. రైలు వల్ల రోడ్డు మీద తగ్గే కార్లు, మిగిలే గంటలు, తగ్గే పొగ, చుట్టుపక్కల పెరిగే భూముల విలువ అన్నీ లాభాలే. అది సరైన మాటే. కానీ ఆ లాభాలన్నీ ఎక్కువమంది ఎక్కినప్పుడే వస్తాయి. ఎక్కువమంది ఎక్కాలంటే విమాన ప్రయాణికులు సరిపోరు. కాబట్టి ప్రశ్న విమానాశ్రయం నుంచి జరిగి, దారి మధ్యలో ఎవరున్నారన్న దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైన ముడి అదేనని నా అభిప్రాయం.

ఇప్పటికే కట్టిన నగరాలకు ఎదురైనవి

కెనడాలోని టొరంటో 2015 జూన్‌లో యూపీ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది. 25 నిమిషాల ప్రయాణం, పావుగంటకొక రైలు. టికెట్టు 27 డాలర్ల 50 సెంట్లు. రైళ్ళు ఖాళీగా తిరిగాయి. తొమ్మిది నెలలకే, 2016 మార్చిలో, టికెట్టు 12 డాలర్లకు తగ్గించారు. జనం వెల్లువెత్తారు. అదే పట్టా, అదే రైలు, అదే వేగం. కొత్తగా ఎక్కినవాళ్ళలో చాలామందికి విమానంతో పనిలేదు. మధ్య స్టేషన్ల నుంచి ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు వాళ్ళు.

షాంఘై కథ వేగానికి సంబంధించింది. గంటకు 430 కిలోమీటర్ల వేగంతో నడిచేలా 30 కిలోమీటర్ల మాగ్లెవ్ (అయస్కాంత శక్తితో తేలుతూ వెళ్ళే రైలు) కట్టారు. ఎనిమిది నిమిషాల్లో విమానాశ్రయం. అయితే ఆ రైలు ఊరి మధ్యకి రాదు, లోంగ్‌యాంగ్ రోడ్ అనే స్టేషన్‌లో ఆగిపోతుంది. అక్కడ దిగి, సామానుతో మళ్ళీ మామూలు మెట్రో ఎక్కాలి. ఎనిమిది నిమిషాల్లో చేర్చినా, ఆదా అయిన సమయంలో చాలా భాగం మారడంలోనే పోతుంది. తర్వాత మామూలు మెట్రోనే విమానాశ్రయం దాకా పొడిగించారు.

లండన్‌లో మూడు రకాలూ ఒకే విమానాశ్రయానికి ఉన్నాయి. 1977 నుంచి మామూలు మెట్రో హీత్రోకి వెళ్తుంది. 1998లో పావుగంటలో పాడింగ్టన్ స్టేషను చేర్చే ఖరీదైన ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 2022లో ఎలిజబెత్ లైన్ వచ్చింది. అది ఎక్స్‌ప్రెస్ కన్నా కొంచెం నెమ్మది, టికెట్టు తక్కువ, ముఖ్యంగా ఊరి మధ్యగా సాగిపోతుంది. అన్నీ కట్టుకోగలిగిన నగరం కాబట్టి ప్రయాణికుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. ఒక్కటే కట్టగలిగిన నగరానికి ఆ వెసులుబాటు లేదు.

మన దేశంలో ఢిల్లీ అనుభవం అందరూ తెలుసుకోవాల్సింది. అక్కడి ఎయిర్‌పోర్టు ఎక్స్‌ప్రెస్ లైను 22.7 కిలోమీటర్లు. నిర్మాణం ఢిల్లీ మెట్రో సంస్థది, నడిపేది ప్రైవేటు కంపెనీ. ఒప్పందం 2008లో కుదిరింది, 2011 ఫిబ్రవరిలో రైలు మొదలైంది. 2012 జూలైలో వంతెన భాగాల్లో లోపాలు బయటపడి ఆగిపోయింది. 2013 జనవరిలో మళ్ళీ మొదలైనా, జూన్ ఆఖరుకల్లా ప్రైవేటు కంపెనీ వదిలేసి వెళ్ళిపోయింది. లైను ఢిల్లీ మెట్రో చేతికి వచ్చింది. ఆ తర్వాత టికెట్టు ధరలు విడతల వారీగా తగ్గించారు, ప్రయాణికులు పెరిగారు. నష్టపరిహారం తగాదా మాత్రం సుప్రీంకోర్టులో 2024 ఏప్రిల్ దాకా నడిచింది. 2021లో కంపెనీకి అనుకూలంగా వచ్చిన తీర్పు క్యూరేటివ్ పిటిషన్‌లో (సుప్రీంకోర్టు తీర్పుని సరిదిద్దమని చివరి అవకాశంగా వేసేది) తారుమారైంది.

కోల్‌కతాలో 2006లో లోకల్ రైలుని విమానాశ్రయం పక్కదాకా తీసుకెళ్ళారు. రైళ్ళు చాలా తక్కువ, ఎక్కేవాళ్ళూ తక్కువే. 2016లో ఆ స్టేషను మూసేసి, మెట్రోకి చోటివ్వడం కోసం ఆ పట్టాలే తీసేశారు. పట్టా ఉండటం వేరు, సర్వీసు ఉండటం వేరు.

న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయానికి 2015లో ఒక రైలు ప్రతిపాదించారు. ఆ రైలు మన్‌హటన్ నుంచి వచ్చేవాళ్ళని విమానాశ్రయం దాటించి, అవతలి స్టేషనుకు తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చేలా గీశారు. 45 కోట్ల డాలర్లతో మొదలైన అంచనా 200 కోట్లు దాటిపోయింది. 2023 మార్చిలో దాన్ని రద్దు చేసి, బస్సుల్ని మెరుగుపరచాలని నిర్ణయించారు. అంత డబ్బున్న నగరమే బస్సు వైపు మళ్ళింది.

రాయదుర్గం దారి, నాగోల్ దారి

ఇప్పుడు ఇంటికి వద్దాం. రెండు దారుల్నీ ఎవరు గీశారన్నది పక్కనపెట్టి, మ్యాప్ ముందు పెట్టుకుని చూద్దాం.

రాయదుర్గం దారి బయోడైవర్సిటీ కూడలి, నానక్‌రామ్‌గూడ, నార్సింగి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే సాగి, రాజేంద్రనగర్ వైపు నుంచి శంషాబాద్ చేరుతుంది. దీని బలాలు నిజమైనవి. విమానాలు తరచుగా ఎక్కే ఉద్యోగులు, కంపెనీలు, హోటళ్ళు ఉన్నది అటే. ఔటర్ పక్కన ఖాళీ జాగా ఉంది కాబట్టి ఇళ్ళు కూల్చే పని తక్కువ, కోర్టు కేసులు తక్కువ, తొందరగా కట్టొచ్చు. స్టేషన్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి అరగంటలోపు చేరుస్తామన్నారు. నాగోల్ నుంచి వచ్చే ఇప్పటి మెట్రో బ్లూ లైను రాయదుర్గంలోనే ముగుస్తుంది కాబట్టి అక్కడ మారితే చాలు.

దీని బలహీనత కూడా ఆ ఔటరే. ఔటర్ మీద కార్లు ఇప్పటికే వేగంగా వెళ్తున్నాయి. రైలు ఎక్కువ సమయం ఆదా చేసేది రోడ్డు బాగాలేని చోట, బాగున్న చోట కాదు. పైగా ఆ దారి పక్కన హిమాయత్‌సాగర్ ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి, కట్టడాలను నియంత్రిస్తూ 1996లో 84 గ్రామాలకు వర్తించేలా జీవో 111 తెచ్చారు. దశాబ్దాల పాటు అక్కడ పెద్ద కట్టడాలు రాలేదు. రైలు మధ్యలో ఎక్కేవాళ్ళు లేని చోటుగా సాగుతుంది, లేదా రైలు వచ్చింది కదా అని అక్కడ కూడా టవర్లు లేస్తాయి. ఆ రెండోది చెరువులకి మంచిది కాదు.

నాగోల్ దారి 36.8 కిలోమీటర్లు. నాగోల్, ఎల్బీనగర్, కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా విమానాశ్రయానికి. నాగోల్‌లో బ్లూ లైనుకి, ఎల్బీనగర్‌లో రెడ్ లైనుకి కలుస్తుంది. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్‌స్టేషన్) నుంచి పాతబస్తీ గుండా వచ్చే ఏడున్నర కిలోమీటర్ల కొత్త ముక్కతో చాంద్రాయణగుట్టలో గ్రీన్ లైనుకీ కలుస్తుంది. మొదటి దశలోనే ఫలక్‌నుమా దాకా రావాల్సిన గ్రీన్ లైను ఎంజీబీఎస్‌లో ఆగిపోయింది, అది ఇప్పుడు ముందుకు కదులుతుంది. ఈ దారి పొడవునా ఇళ్ళే. ఎయిర్‌పోర్టు షిఫ్టు పనులకు వెళ్ళే చాలామంది ఉండే బస్తీలు కూడా ఈ వైపు ఉన్నాయి.

బలహీనతలు? ఖర్చు. ఈ దారి కూడా భాగమైన మెట్రో రెండో దశలోని ఐదు కారిడార్లు కలిపి 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లు. సగటున కిలోమీటరుకి సుమారు 318 కోట్లు. రాయదుర్గం దారి అంచనా కిలోమీటరుకి 200 కోట్ల చుట్టూ ఉండేది. రెండూ వేర్వేరు ఏళ్ళ లెక్కలు, ఒకటి సగటు, కాబట్టి నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. అయినా ఇరుకు రోడ్ల మీద కట్టడం ఖరీదన్నది నిజం. పాతబస్తీలో భూసేకరణ ఎంత సున్నితమో చెప్పక్కర్లేదు.

ఇక ఇద్దరు మనుషుల్ని ఈ దారిలో నడిపించి చూద్దాం. రాయదుర్గం ఉద్యోగిని విమానాశ్రయానికి వెళ్ళాలంటే బ్లూ లైనులో అమీర్‌పేట, అక్కడ మారి రెడ్ లైనులో ఎంజీబీఎస్, మళ్ళీ మారి గ్రీన్ లైనులో చాంద్రాయణగుట్ట, మరోసారి మారి విమానాశ్రయం. మూడు మార్పులు. లేదంటే బ్లూ లైనులోనే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి, నాగోల్ దాకా వెళ్ళి ఒక్కసారి మారాలి. ఆమె ఈ రెండూ చేయదు, క్యాబ్ పిలుస్తుంది. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా 11.6 కిలోమీటర్ల కారిడార్ రెండో దశలో ఉన్నా అది విమానాశ్రయం వైపు తిరగదు. పడమటి వాళ్ళ ఫిర్యాదు ఊరికే పుట్టింది కాదు.

రెండో మనిషి జగిత్యాల నుంచి వస్తాడు. గల్ఫ్‌కి పనికి వెళ్తున్నాడు. కరీంనగర్, నిజామాబాద్ వైపు బస్సులు వచ్చి ఆగేది సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)లో. దాని పక్కనే గ్రీన్ లైను మొదలవుతుంది. ఈ కొత్త దారి పూర్తయితే అతను జేబీఎస్‌లో ఎక్కి, చాంద్రాయణగుట్టలో ఒక్కసారి మారి, విమానాశ్రయంలో దిగుతాడు. రాయదుర్గం దారిలో అయితే అతను ఊరంతా చుట్టి పడమటికి వెళ్ళి రావాలి. ఉత్తర తెలంగాణ నుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కి వెళ్తున్న కుటుంబాలకు ఈ తేడా ఎంత పెద్దదో టీవీ చర్చల్లో ఒక్కరూ చెప్పగా నేను వినలేదు.

బెంగళూరు ఈ ముడిని ఇంకోలా విప్పింది. అక్కడ సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం మీదుగా విమానాశ్రయానికి కడుతున్న సుమారు 58 కిలోమీటర్ల బ్లూ లైను, మొదటి సగంలో ఐటీ కంపెనీలు కిక్కిరిసిన ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంది. పేరుకి ఎయిర్‌పోర్టు లైను, రైలు నింపేది ఆఫీసు జనం. వాళ్ళ ఔటర్ ట్రాఫిక్‌తో నిండిన ఊరి రోడ్డు. మన ఔటర్ ఊరి బయటి ఎక్స్‌ప్రెస్‌వే. పేరు ఒకటే అయినా అక్కడి ఉదాహరణ ఇక్కడ యథాతథంగా అతకదు.

ఉందానగర్ దాకా వచ్చి ఆగిన పట్టాలు

కాచిగూడ, ఫలక్‌నుమా మీదుగా మహబూబ్‌నగర్ వెళ్ళే రైల్వే లైను మీద, శంషాబాద్‌కి దగ్గర్లో ఉందానగర్ స్టేషను ఉంది. ఎంఎంటీఎస్ రెండో దశలో ఆ పట్టాలను డబుల్ చేసి కరెంటు లైను వేశారు. అక్కడి నుంచి టెర్మినల్ సుమారు ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లు వేస్తే తక్కువ ఖర్చులో రైలు వస్తుందని ఏళ్ళుగా అడుగుతున్నవాళ్ళున్నారు. వేస్తే ఏమవుతుందో కోల్‌కతా చెప్పింది, బెంగళూరూ చెప్పింది. 2021లో బెంగళూరు విమానాశ్రయం దగ్గర ఒక రైల్వే హాల్ట్ తెరిచారు. రోజుకు ఆగే రైళ్ళు కొన్నే, దిగాక మళ్ళీ బస్సెక్కాలి, అందుకే అది పెద్దగా పట్టుకోలేదు. రైళ్ళు పావుగంటకొకటి నడిపే హామీ ఉంటేనే ఉందానగర్ ఆలోచనకి బలం. అది ఇవ్వాల్సింది రైల్వే, పట్టాల మీద చోటు లేదనేదీ రైల్వేనే.

బస్సు వైపు వాదన దీనికంటే గట్టిది. పుష్పక్ బస్సుల్ని రెట్టింపు చేసి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేలోపు ఇరుక్కునే చోట్ల వాటికో ప్రత్యేక లేన్ ఇస్తే, రైలు ఖర్చులో ఒక చిన్న ముక్కతో రేపే సగం పని అవుతుంది. అయితే బస్సుకి లేన్ ఇవ్వడమంటే కార్ల దగ్గర నుంచి ఒక లేన్ తీసుకోవడం. వేల కోట్లతో పిల్లర్లు వేయడం కన్నా ఆ పని రాజకీయంగా కష్టంగా మారిపోయింది మన ఊళ్ళో.

డబ్బు ఎవరిది, నష్టం ఎవరిది

2024 నవంబరులో రాష్ట్రం కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనలో వాటాలు ఇలా ఉన్నాయి: రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, అంతర్జాతీయ సంస్థల అప్పు 48 శాతం, ప్రైవేటు భాగస్వామ్యం 4 శాతం. మొదటి దశ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఎల్ అండ్ టీ పెట్టుబడితో కట్టిన ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టు. టికెట్టు డబ్బు, మాల్స్ అద్దెలు కలిపినా అప్పు తీరలేదు. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పుకోవడానికి, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా మెట్రోని రాష్ట్రం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. ఢిల్లీలో జరిగిందీ, ఇక్కడ జరిగిందీ వివరాల్లో వేరు. రెండు చోట్లా లైను భారం చివరికి ప్రభుత్వం వైపే మళ్ళింది. రైలు ఆపేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు కనుక నష్టం ఎప్పుడూ ప్రజల ఖాతాలోనే పడుతుంది. అందుకే ఎవరు ఎక్కుతారన్న అంచనా నిజాయితీగా ఉండటం అంత అవసరం.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే ప్రశ్న తలుపు తడుతోంది. విజయవాడ మెట్రోలో మొదటి కారిడార్ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి విమానాశ్రయమున్న గన్నవరం దాకా, దాదాపు 26 కిలోమీటర్లు. దారంతా జాతీయ రహదారి, ఇళ్ళు, కాలేజీలు. విమానం ఊసెత్తకపోయినా ఆ రైలుకి మనుషులున్నారు. విశాఖది అలా కాదు. కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం ఊరికి 45 కిలోమీటర్ల దూరం. మెట్రో మొదటి దశ కొమ్మాది దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి భోగాపురం దాకా ఇంకో ముప్పై కిలోమీటర్లు తర్వాతి దశలో పెట్టారు. మధ్యలో జనం పలచన. ఆ ముప్పై కిలోమీటర్లకు ముందు మంచి బస్సులు పెట్టి, ఎవరెక్కుతున్నారో కొన్నేళ్ళు చూడటానికి విశాఖకి ఇంకా సమయం ఉంది.

రాత్రి రెండింటికి ఏ రైలు?

చివరగా, అలైన్‌మెంట్ గొడవలో మునిగిపోయి అందరూ మర్చిపోతున్న విషయం. హైదరాబాద్ మెట్రో ఉదయం ఆరింటికి మొదలై రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది. గల్ఫ్, యూరప్ వైపు వెళ్ళే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపే ఎగురుతాయి. దేశంలోని ఊళ్ళకు వెళ్ళే మొదటి విమానాలు పొద్దున్నే ఐదారింటికి. ఆరింటి విమానానికి నాలుగున్నరకల్లా అక్కడ ఉండాలి. మొదటి మెట్రో అప్పటికి డిపోలోనే ఉంటుంది.

రాత్రి ఆపడం బద్ధకం వల్ల కాదు. పట్టాల తనిఖీ, కరెంటు లైన్ల పని, రైళ్ళ శుభ్రత అన్నీ ఆ కొద్ది గంటల్లోనే చేసుకోవాలి. అయినా దారులున్నాయి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో డ్రైవర్ లేని మెట్రో విమానాశ్రయానికి ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. రాత్రి రైళ్ళ మధ్య విరామం పెంచి, ఒక పట్టా మీద రైలు నడుపుతూ రెండో పట్టా మీద మరమ్మతు చేసుకునేలా డిజైన్ చేసుకోవచ్చు. కానీ పట్టా మార్చుకునే క్రాసింగులు, సిగ్నళ్ళు కట్టేటప్పుడే పెట్టాలి. పిల్లర్లు లేచి, రైలు తిరిగాక తర్వాత చూద్దాం అంటే మళ్ళీ తవ్వాలి.

జగిత్యాల మనిషి దగ్గరికే మళ్ళీ వస్తాను. అతని విమానం తెల్లవారి నాలుగున్నరకి. ఒకటిన్నరకల్లా టెర్మినల్ దగ్గర ఉండమన్నాడు ఏజెంటు. ఊళ్ళో సాయంత్రం అన్నం తిని బయలుదేరితే బస్సు జేబీఎస్ చేరేది రాత్రి పదకొండున్నరకి. ఏ ప్రభుత్వం గీసిన దారైనా, స్టేషను షట్టరు అప్పటికే దించేసి ఉంటుంది. ఆ వేళకి దొరికేది పుష్పక్ బస్సు, కాదంటే క్యాబ్.